కొత్త మందు చేర్చే రోజే దాని గడువూ రాయాలి

మూర్ఛకు వాడే మందుల చీటీకి ఒక గుణం ఉంది. అది పెరుగుతుందే గానీ తరగదు. ఒక మందుతో ఫిట్స్ ఆగకపోతే రెండోది చేరుతుంది, అదీ చాలకపోతే మూడోది. చేర్చడానికి ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరుకుతుంది. గత నెల ఫిట్స్ ఎక్కువయ్యాయనో, ఒక రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చిందనో. తీసేయడానికి మాత్రం ఎవరికీ తీరిక చిక్కదు, ధైర్యమూ చాలదు. మందు మింగే మనిషి తన నోటితో "ఇది నాకు పడటం లేదు" అని చెప్పుకోగలిగితే ఆ చీటీ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. చెప్పుకోలేని మనిషి విషయంలో దానికి అడ్డే లేదు.

మా తమ్ముడు అలా చెప్పుకోలేని మనిషి. నలభై దాటాడు. పుట్టుకతో మేధో వైకల్యం ఉంది, చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. వచ్చిన మాటలు కొద్ది. అవీ కావలసినవి అడగడానికే తప్ప ఒంట్లో ఎలా ఉందో చెప్పడానికి పనికిరావు. అతని మందులు చూసుకునేవాళ్ళలో నేనొకరిని. ఇన్నేళ్ళలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఇలాంటివారికి అదనపు మందు చేర్చడం తప్పు కాదు, చాలాసార్లు చేర్చి తీరాలి. కానీ అది పనిచేస్తోందో లేదో ఏ తేదీన తేలుస్తాం, దేన్ని చూసి తేలుస్తాం, పనిచేయకపోతే ఏ మందు బయటికి పోతుంది అన్నవి చేర్చే రోజే కాగితం మీద పడాలి. అవి లేని చీటీ సగం రాసిన చీటీ.

మొత్తం జనాభాలో మూర్ఛ నూటికి ఒకరికి కూడా ఉండదు. మేధో వైకల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరికి ఉంటుంది. వైకల్యం తీవ్రమయ్యే కొద్దీ ఇంకా ఎక్కువ. మొండి మూర్ఛ కూడా వీరిలోనే ఎక్కువ. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులను తగిన మోతాదులో, ఒంటికి పడేలా వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా లెక్కించాలని మూర్ఛ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ లీగ్ ఎగెనెస్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్ణయించింది.

రెండు మందుల దగ్గరే గీత ఎందుకు గీశారో తెలుసుకోవడం మంచిది. గ్లాస్గోలో క్వాన్, బ్రాడీ అనే వైద్యులు 525 మంది రోగులను గమనించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో అంతకుముందు మందు వాడని 470 మందిలో, మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. రెండో మందో మూడో మందో ఒక్కటే వాడితే ఆగినవారు మరో 14 శాతం. రెండు మందులు కలిపి వాడితే ఆగినవారు 3 శాతం మాత్రమే. అక్కడే మూడు దశాబ్దాల పాటు 1,795 మందిని గమనించిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. ఆ మూడు దశాబ్దాల్లో డజనుకు పైగా కొత్త మందులు బజారులోకి వచ్చాయి. అయినా ఫిట్స్ లేకుండా కనీసం ఏడాది గడపగలిగినవారు 64 శాతం దగ్గరే నిలిచారు. పాత అధ్యయనంలోనూ దాదాపు అంతే. ఇవి అన్ని రకాల రోగులనూ కలిపిన లెక్కలు, మేధో వైకల్యం ఉన్నవారికి ప్రత్యేకించినవి కావు.

ఈ అంకెలు చూసి చేతులెత్తేయమని నేను అనను. మూడో మందు, నాలుగో మందు చేర్చేటప్పుడు ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో ఇవి చెబుతాయి. పూర్తిగా ఆగితే అదృష్టం. ఫిట్స్ కొంత తగ్గడం, వచ్చినా త్వరగా తేరుకోవడం, ఉన్నపళాన కుప్పకూలి తల పగలగొట్టుకునే రకం పోవడం, ఇవి అందే దూరంలో ఉన్న లక్ష్యాలు. వీటిలో దేనికోసం ఈ మందు రాస్తున్నారని నేను డాక్టరును అడుగుతాను. "వాడి చూద్దాం" అంటే దేన్ని చూస్తారు, ఎప్పటిదాకా చూస్తారు అని మళ్ళీ అడుగుతాను. కొందరికి చిరాకు వస్తుంది. రానివ్వండి.

పనిచేస్తోందో లేదో తేల్చడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఫిట్స్ ఒక నెల వరసపెట్టి వస్తాయి, ఇంకో నెల ఏ కారణమూ లేకుండా తగ్గుతాయి. కొత్త మందు ఎప్పుడు చేరుస్తారు? ఫిట్స్ బాగా పెరిగి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిన నెలలో. ఆ తర్వాతి నెల ఏం చేసినా, ఏమీ చేయకపోయినా కాస్త తగ్గే అవకాశమే ఎక్కువ. పేరు మాత్రం మందుకు దక్కుతుంది.

దీనికి రుజువు ప్రయోగాల్లోనే ఉంది. లెనాక్స్ గాస్టాట్ సిండ్రోమ్ అని ఒకటుంది. బాల్యంలో మొదలై, మేధో వైకల్యంతో కలిసి సాధారణంగా జీవితాంతం వెంట ఉండే మొండి మూర్ఛ. ఇది ఉన్నవారికి గంజాయి మొక్క నుంచి వేరుచేసిన కానబిడయాల్‌ను అదనపు మందుగా ఇచ్చి చూసిన ప్రయోగం 2018లో వెలువడింది. పాల్గొన్నవారు 225 మంది, రెండేళ్ళ పిల్లల నుంచి 55 ఏళ్ళవారి దాకా. కుప్పకూలే ఫిట్స్ ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో 42 శాతం, తక్కువ మోతాదులో 37 శాతం తగ్గాయి. మందు లేని ప్లాసిబో తీసుకున్నవారిలోనూ 17 శాతం తగ్గాయి. అదే సిండ్రోమ్‌లో లామోట్రిజిన్ అనే మూర్ఛ మందు మీద 1997లో వచ్చిన ప్రయోగం చూడండి. ఫిట్స్ సగానికో అంతకన్నా ఎక్కువగానో తగ్గినవారు మందుతో 33 శాతం, ప్లాసిబోతో 16 శాతం. అంటే ఇంట్లో నోటుబుక్కు చూసి "ఈ నెల రెండు తక్కువ" అని సంబరపడితే ఆ రెండూ మందు తగ్గించినవో, వాటంతటవే తగ్గినవో చెప్పలేం. అందుకే మందు చేర్చకముందు రెండు మూడు నెలల లెక్క చేతిలో ఉండాలి. చేర్చాక ఎంత తగ్గితే ఉంచుతామో ముందే అనుకోవాలి. తర్వాత అనుకుంటే మనసు తనకు కావలసిన జవాబే ఇచ్చుకుంటుంది.

మేధో వైకల్యం ఉన్నవారి మీద జరిగిన ప్రయోగాలు ఎన్ని? కాక్రేన్ సంస్థ సమీక్షకులు 2015లో ఏరి కూర్చితే తేలినవి 14, పాల్గొన్నవారు మొత్తం కలిపి 1,116 మంది. మిగతావారికి పనిచేసే మందులే వీరికీ పనిచేస్తాయని, ఫిట్స్ ఓ మోస్తరుగా తగ్గుతాయని, పూర్తిగా ఆగడం ఎప్పుడో ఒకప్పుడే జరుగుతుందని వారు తేల్చారు. ప్రవర్తన మీద మందు ప్రభావాన్ని నమ్మదగిన కొలతలతో చూసిన ప్రయోగాలు కొరవడ్డాయని కూడా చెప్పారు. నాకు మండేది ఇక్కడే. జబ్బు అందరికన్నా మొండిగా ఉన్నదీ, మందులు అందరికన్నా ఎక్కువ మింగేదీ వీరు. పరిశోధనలో మాత్రం ఒక మూలన. సొంతంగా సంతకం చేయలేరని, తమ డైరీ తాము రాసుకోలేరని వీరిని పక్కన పెట్టి, వచ్చిన ఫలితాలను తిరిగి వీరికే వర్తింపజేస్తున్నాం.

మా తమ్ముడి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఉతికి ఆరేసిన తువ్వాళ్ళు మడత పెట్టడం ఇంట్లో అతని పని. అంచుకు అంచు కలిపి, అరచేత్తో నిమిరి, మళ్ళీ మడిచి, ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. ఇంకెవరైనా మడిస్తే విప్పి మళ్ళీ మొదటి నుంచీ మడుస్తాడు. ఉన్న రెండు మందులకు తోడు టోపిరమేట్ చేర్చాక ఫిట్స్ తగ్గాయి. నోటుబుక్కులో గీతలు పలచబడ్డాయి. డాక్టరుకు సంతోషం, మాకూ సంతోషమే. తువ్వాళ్ళు మాత్రం సగం మడతలో ఆగిపోవడం మొదలైంది. ఒక అంచు చేతిలో పట్టుకుని, తర్వాత ఏం చేయాలో తోచనట్టు నిలబడిపోయేవాడు. ఉన్న కాసిని మాటల్లోనూ కొన్ని వినపడకుండా పోయాయి. మాట తట్టకపోవడం, ఆలోచన మందగించడం టోపిరమేట్‌తో తరచుగా వచ్చేవే. చెప్పుకోగల మనిషైతే తనే ఫిర్యాదు చేసేవాడు. మా తమ్ముడి విషయంలో "వైకల్యం ఉంది కదా, పైగా వయసు మీదపడుతోంది" అనే జవాబు సిద్ధంగా ఉంది. అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "మొన్నటిదాకా మడిచినవాడు ఇవాళ ఎందుకు మడవలేడో చెప్పండి" అని పట్టుబట్టింది. మోతాదు దించారు. మడతలు చాలావరకు తిరిగొచ్చాయి, ఫిట్స్ కూడా కొద్దిగా తిరిగొచ్చాయి. ఆ బేరం మాకు సమ్మతమే అనిపించి అక్కడే ఆగాం. ఇంకో ఇంట్లో ఇంకోలా అనిపించవచ్చు. కానీ అది బేరమని తెలిసి చేయాలి కదా!

మందు చేసే హాని వీరిలో వైకల్యం వేషం వేసుకుని తిరుగుతుంది. లెవెటిరాసెటమ్ అనే మూర్ఛ మందు కొందరికి చిరాకు, కోపం తెప్పిస్తుంది. పెరంపనెల్ వల్ల దూకుడు, శత్రుభావం రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. అలాంటి మందు మొదలుపెట్టాక మనిషి తన చేయి తాను కొరుక్కుంటే, పక్కవారిని కొడితే ఏమవుతుంది? "ప్రవర్తన సమస్య" అని రాస్తారు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. అక్కడ ఇంకో మందు చేరుతుంది. మనసుకు వాడే ఆ మందుల్లో కొన్నింటికి ఫిట్స్ పెంచే గుణం ఉంది. ఫిట్స్ పెరిగితే ఇక్కడ మళ్ళీ మోతాదు పెంచుతారు. ఎక్కడా ఎవరూ తప్పు చేయలేదు. ఎవరి చీటీ వారు సరిగ్గానే రాశారు. మందులు ఐదయ్యాయి.

కార్బమజెపైన్ రక్తంలో సోడియం తగ్గించి మనిషిని తికమకపెట్టవచ్చు. వాల్‌ప్రోయేట్ చేతులు వణికిస్తుంది, బరువు పెంచుతుంది. ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్, కార్బమజెపైన్ ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. చక్రాల కుర్చీలోనో మంచం మీదో ఎక్కువసేపు గడిపేవారికి ఇది రెండింతల నష్టం, ఎందుకంటే ఫిట్స్‌లో పడి ఎముక విరగ్గొట్టుకునేదీ వారే. విగాబాట్రిన్ చూపు అంచుల్ని శాశ్వతంగా తినేయగలదు. అది కనిపెట్టాలంటే రోగి ఒక యంత్రంలోకి చూస్తూ, చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కాలి. మా తమ్ముడు ఆ పరీక్షకు సహకరించే అవకాశమే లేదు. పరీక్ష చేయలేని హాని ఉన్న మందును ఎలా వాడతాం అని అడిగితే ఆ మందు ప్రస్తావన మా దగ్గర అక్కడితో ఆగింది.

మందుకు మందుకు మధ్య జరిగే కథ వేరు. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి లామోట్రిజిన్ చేర్చితే, లామోట్రిజిన్ ఒంట్లోంచి పోవడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. మోతాదు అతి నెమ్మదిగా పెంచకపోతే ఒళ్ళంతా పుండ్లయ్యే ప్రాణాంతకమైన దద్దురు రావచ్చు. అదే లామోట్రిజిన్‌ను కార్బమజెపైన్ త్వరగా కరిగించేస్తుంది. క్లోబజామ్ వాడేవారికి కానబిడయాల్ కలిపితే, క్లోబజామ్ నుంచి కాలేయంలో తయారయ్యే పదార్థం రక్తంలో దాదాపు మూడింతలవుతుంది. మనిషి రోజంతా తూగుతాడు. కాబట్టి కొత్త మందు పడలేదని తేల్చేముందు, తప్పు కొత్తదానిదా, కొత్తది వచ్చి పెంచిన పాతదానిదా అని చూడాలి. చాలాసార్లు పాతదాని మోతాదు తగ్గిస్తే కొత్తది నిలుస్తుంది. కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు.

ఇంతా చదివి నేను మందులకు వ్యతిరేకినని అనుకుంటే పొరపాటు. ఎదుటి పక్షం వాదన బలమైనదే, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏటా సుమారు వెయ్యిమందిలో ఒకరు ఉన్నట్టుండి, చాలావరకు నిద్రలో, వేరే కారణం కనపడకుండా చనిపోతున్నారు. ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకునే పెద్ద ఫిట్స్ అదుపులో లేనివారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. అదనపు మందుల మీద జరిగిన 112 ప్రయోగాలను, 21,224 మంది రోగుల సమాచారాన్ని కలిపి పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఇలాంటి మరణాలు ప్లాసిబో తీసుకున్నవారిలో ఏడాదికి వెయ్యిమందికి 6.9 చొప్పున ఉంటే, పనిచేసే మోతాదులో మందు తీసుకున్నవారిలో 0.9 మాత్రమే. ఏడింతల తేడా! "ఎన్నాళ్ళ నుంచో వస్తున్నవే కదా, వాడికి అలవాటే" అని పెద్ద ఫిట్స్‌ను చూస్తూ ఊరుకునే ఇళ్ళు, సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి. వారికి నేను చెప్పేది, మందు చేర్చమని అడగండి అనే. నెలకు ఒకటి రెండు పెద్ద ఫిట్స్ వస్తుంటే మగతను కొంత భరించడానికి నేను సిద్ధం. కొన్ని క్షణాల పాటు చూపు నిలిచిపోయే చిన్న ఫిట్స్‌ను ఇంకాస్త తగ్గించడానికి మాత్రం అదే మగతను ఒప్పుకోను. అన్ని ఫిట్స్‌నూ ఒకే వరసలో గీతలు గీసి లెక్కపెడితే ఈ తేడా మాయమవుతుంది. అందుకే మా నోటుబుక్కులో పెద్దవాటికి ఒక గడి, కుప్పకూలేవాటికి ఒక గడి, చిన్నవాటికి ఇంకో గడి.

అసలు లెక్కపెడుతున్నవన్నీ ఫిట్సేనా అన్నది ఇంకో ప్రశ్న. భోజనం కాగానే మా తమ్ముడు మెడ ఒక పక్కకు తిప్పి, నడుము విల్లులా వంచి బిగుసుకునేవాడు. అవీ ఫిట్సే అని మోతాదు పెంచారు. ఫోనులో తీసిన వీడియోలు వరసగా చూపించాక మరో న్యూరాలజిస్టు అది కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం వల్ల వచ్చే నొప్పి అని పోల్చుకున్నారు. ఆమ్లానికి మందు ఇస్తే ఆగిపోయింది. ఊగడం, చేతులు ఆడించడం లాంటి అలవాట్లు, గుండె లయ తప్పి స్పృహ కోల్పోవడం, ఇవన్నీ మూర్ఛ ఖాతాలో పడుతుంటాయి. మలబద్ధకం, నిద్రలేమి, జ్వరం, తప్పిపోయిన ఒక పూట మాత్ర నిజమైన ఫిట్స్‌నే పెంచుతాయి. ఇవి సరిచూడకుండా చేర్చిన మందు దేనికి చేర్చినట్టు?

ఇక గడువు సంగతి. గడియారం మొదటి మాత్ర వేసిన రోజు నుంచి కాదు, అనుకున్న మోతాదుకు చేరిన రోజు నుంచి నడవాలి. లామోట్రిజిన్ లాంటివాటిలో అక్కడికి చేరడానికే వారాలు పడుతుంది. వారం వారం ఫిట్స్ వచ్చే మనిషికి ఆ తర్వాత మూడు నెలలు చూస్తే ఒక రూపు తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చేవారికి అది చాలదు. అంతకుముందు ఫిట్‌కు ఫిట్‌కు మధ్య ఉన్న అతి పెద్ద విరామానికి మూడింతల కాలం గడవాలి, కనీసం ఏడాది కావాలి. అప్పుడే ఆగాయి అనాలన్నది 2010 నాటి ఆ నిర్వచనంలోని నియమమే. ఫిట్స్ లెక్క పక్కన రోజువారీ బతుకు లెక్క ఒకటి ఉండాలి. గ్లాస్గోలో ఇలాంటివారి కోసమే తయారుచేసిన ఎపిలెప్సీ ఔట్‌కమ్ స్కేల్‌లో సంరక్షకుల, వైద్యుల ఆందోళనలు కూడా కొలతలోకి వస్తాయి. అది అందుబాటులో లేకపోయినా ఫరవాలేదు. నిద్ర, నడక, ఆకలి, మాట, తనకు ఇష్టమైన పని, ఈ ఐదింటి గురించి మందుకు ముందు ఒక వాక్యం, గడువు రోజున ఒక వాక్యం రాస్తే చాలు.

గడువు నాటికి ఫలితం లేకపోతే మందు వెనక్కి పోవాలి. డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. అకస్మాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వరసపెట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఫెనోబార్బిటోన్, క్లోబజామ్ లాంటివి డాక్టరు చెప్పిన పట్టిక ప్రకారం నెలల తరబడి, ఒకసారికి ఒకే మందు చొప్పున దించాలి. దించేటప్పుడు మధ్యలో ఫిట్స్ కాస్త పెరగవచ్చు. అది ఆ మందు అవసరమని రుజువు కాదు, దించడం వల్ల వచ్చిన కుదుపు కూడా కావచ్చు. చాలా ఇళ్ళు ఇక్కడే జడిసి వెనక్కి వస్తాయి. ఐదు నిమిషాలు దాటిన ఫిట్‌కు బుగ్గలోనో ముక్కులోనో వేసే, ఫిట్‌ను ఆపే మందు మిడజోలామ్ ఇంట్లో ఉంటే, దాన్ని ఎలా వాడాలో అందరికీ తెలిస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

కొన్నిసార్లు తీసేయడమే వైద్యం. పసితనంలో మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ డ్రావే సిండ్రోమ్ ఉన్నవారికి కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ ఫిట్స్ పెంచగలవు. ఆ జబ్బుకు ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువుతో సంబంధం ఉందని బయటపడింది 2001లోనే. అంతకుముందు పెరిగి పెద్దయినవారిలో ఎంతోమందికి ఆ పేరు తగిలించినవారే లేరు, ఆ మందులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అందుకే పెద్దవారికి కూడా జన్యు పరీక్ష అడగడం అత్యాశ కాదు. ఒంట్లో పలుచోట్ల గడ్డలు తెచ్చే జన్యు జబ్బు ట్యూబరస్ స్క్లెరోసిస్ అని తేలితే దానికి ఎవరోలిమస్ అనే వేరే దారి ఉంది. వైకల్యం ఉన్నంత మాత్రాన శస్త్రచికిత్సకు, వేగస్ నరానికి అమర్చే పరికరానికి అనర్హులైపోరు. రెండు మందులు ఓడాక ఈ ప్రశ్నలు రావాలి. ఐదో మందు ఓడాక కాదు.

మందు మింగే మనిషి అభిప్రాయం ఏమిటి? మా తమ్ముడు ఒక మాత్రను ప్రతిసారీ నాలుకతో పక్కకు తోసి ఉమ్మేసేవాడు, మిగతావి కిమ్మనకుండా మింగేవాడు. పొడి చేసి కలిపి పెట్టమని సలహా వచ్చింది. చాటుగా మింగించే ముందు అదే మందు ఇంకో రూపంలో దొరుకుతుందేమో అడిగాం. ద్రవ రూపం దొరికింది, తాగాడు. మాట రానివారు చెప్పే "వద్దు" ఇలాగే ఉంటుంది. గడువు రోజున దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇదంతా రాయడానికి పది నిమిషాల సంప్రదింపులో సమయం ఎక్కడుంది అని ఒక డాక్టరు నన్ను నిలదీశారు. నిజమే, వారి గది బయట వరస నాకూ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆ కాగితం మేమే రాసుకుని వెళ్తున్నాం. మందు పేరు, ఏ రకం ఫిట్స్ కోసం, చేరాల్సిన మోతాదు, తేల్చే తేదీ, తేలకపోతే మొదట దించేది ఏది. ఆఖరి రెండు గడులు ఖాళీగా ఉంచి డాక్టరు ముందు పెడతాం. నింపడానికి అర నిమిషం పట్టదు. నింపనన్నవారు ఇంతవరకు ఒక్కరే ఎదురయ్యారు. ఆ రోజు రాసిన కొత్త మందు మేము మొదలుపెట్టలేదు. పాతవి యథాతథంగా కొనసాగిస్తూ, అదే వారం వేరే వైద్యుడి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.